ఒకే జాబితా: హ్యూస్టన్‌లో వీధి నుంచి ఇంటికి దారి ఎలా కుదిరింది

నేను 2012లో, హ్యూస్టన్‌లో ఇల్లు లేనివారికి ఇళ్లు చూపే ఈ పనిలో చేరేనాటికి మా సంస్థలో ఒక నోటుపుస్తకం ఉండేది. ఫ్రీవే వంతెనల కింద, ఊరి మధ్య నుంచి పారే బఫెలో బేయూ అనే ఏటి గట్ల మీద పడుకునేవాళ్లలో మాకు తెలిసినవారి పేర్లు అందులో రాసుకునేవాళ్లం. మా చేతికి ఒక గది వస్తే పుస్తకం తెరిచి ఒకరిని పిలిచేవాళ్లం. ఎవరిని? ఫోను ఎత్తేవారిని. మత్తు మానేసినవారిని, చెప్పిన మాట వినేవారిని, మాకు తలనొప్పులు తేరని నమ్మకం కుదిరినవారిని. రెండు వీధుల అవతలి సంస్థకు వేరే పుస్తకం ఉండేది, ఆ పక్క చర్చికి ఇంకొకటి. ఒకే మనిషి పేరు నాలుగు పుస్తకాల్లో కనిపించేది. ఏ పుస్తకానికీ ఎక్కని మనిషి పదేళ్లుగా అదే స్తంభం పక్కన పడుకునేవాడు.

ఆ పుస్తకాలన్నీ పోయి ఒకే జాబితా ఎలా వచ్చిందో, దానివల్ల ఏమి జరిగిందో, ఏమి జరగలేదో ఇక్కడ రాస్తున్నాను. నిరాశ్రయుల సంఖ్యను తగ్గించిన నగరంగా హ్యూస్టన్‌కు బాగా పేరొచ్చింది. ఆ పేరు వెనక మేయర్లు, కోట్ల డాలర్లు, కొత్త భవనాలు అన్నీ ఉన్నాయి. నా లెక్కలో మాత్రం మొదటి స్థానం జాబితాదే. ఇందులో కనిపించే మనుషుల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

అప్పటి పరిస్థితి

హ్యూస్టన్ అమెరికాలో నాలుగో పెద్ద నగరం. జనాభా సుమారు 23 లక్షలు. 2011 జనవరిలో చేసిన గణనలో నగరంలోనూ చుట్టుపక్కలా కలిపి దాదాపు 8,500 మంది ఇల్లు లేనివారు తేలారు. ఈ గణన దేశమంతటా జనవరి చివరి పది రోజుల్లోనే జరుగుతుంది. ఒక రాత్రిని ఎంచుకుని, ఆ రాత్రి షెల్టర్లలో ఎంతమంది ఉన్నారు, బయట ఎంతమంది పడుకున్నారు అని లెక్క తీస్తారు. బంధువుల ఇంట్లో సోఫా మీద తల దాచుకుంటున్నవారు ఇందులోకి రారు. టార్చిలైటుకు అందనంత లోపల, పొదల మధ్య గుడారం వేసుకున్నవారు తప్పిపోతారు. నేను చాలాసార్లు ఆ గణనలో తిరిగాను కాబట్టి చెబుతున్నాను, అది లోపాలున్న లెక్కే. ఏటా అవే లోపాలతో చేస్తాం కాబట్టి సంఖ్య ఎటు కదులుతోందో మాత్రం తెలుస్తుంది.

ఆ సంఖ్య చూసిన తర్వాతే కేంద్ర గృహ, పట్టణాభివృద్ధి శాఖ (అందరం హడ్ అంటాం) వెంటనే దృష్టి పెట్టవలసిన నగరాల్లో హ్యూస్టన్‌ను చేర్చింది. అప్పటి మేయర్ అనీస్ పార్కర్ దాన్ని అవమానంగా తీసుకోకుండా పనిగా తీసుకున్నారు. నగరం, హారిస్ కౌంటీ, గృహ వసతి సంస్థలు, మాజీ సైనికుల శాఖ, నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థలను కలిపే ‘కోయలిషన్ ఫర్ ది హోమ్‌లెస్’, మాలాంటి స్వచ్ఛంద సంస్థలు ఒక బల్ల చుట్టూ చేరాయి. తర్వాత ఈ కూటమికి ‘ది వే హోమ్’ అనే పేరు వచ్చింది. ఇప్పుడు అందులో వందకు పైగా సంస్థలున్నాయి.

అన్నిటికంటే ముందు జరిగిన పని, ఉన్న దారిని గీసి చూసుకోవడం. వీధిలో ఉన్న ఒక మాజీ సైనికుడు శాశ్వతమైన ఇంటికి చేరాలంటే ఏయే గుమ్మాలు ఎక్కాలి? 76 అంచెలు తేలాయి. పట్టే కాలం 720 రోజులు. రెండేళ్లకు పది రోజులు తక్కువ. ప్రతి అంచెనూ ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. ఒకరికి ఆదాయ పత్రం కావాలి. ఇంకొకరికి అదే ఆదాయ పత్రం తాజా తేదీతో కావాలి. మూడోవారు అడిగేనాటికి మొదటిదానికి గడువు తీరిపోయి ఉంటుంది. ఇన్నింటినీ దాటగలిగిన మనిషి అసలు వీధిలో ఎందుకుంటాడని మా సహోద్యోగిని ఒకామె అడిగేది.

2012లో వంద రోజుల్లో వందమంది మాజీ సైనికులకు ఇళ్లు చూపాలన్న పందెం పెట్టుకుని, దాన్ని నిలబెట్టుకున్నారు. మాజీ సైనికులతోనే మొదలుపెట్టడంలో తెలివి ఉంది. అద్దెలో ఎక్కువ భాగం ప్రభుత్వమే కట్టే వోచరును హడ్ ఇస్తుంది, ఆ మనిషి బాగోగులు వెంట ఉండి చూసే కేస్ మేనేజరును మాజీ సైనికుల శాఖ ఇస్తుంది. రెండు చేతులూ అప్పటికే ఉన్నాయి, కలపడమే మిగిలింది. పైగా వాళ్లకు ఇల్లివ్వడాన్ని ఏ పార్టీవారూ తప్పుపట్టలేరు. 2015 జూన్‌లో, మాజీ సైనికులలో నిరాశ్రయతకు తెరపడిందని నగరం ప్రకటించింది. అప్పటికి 3,600 మందికి పైగా ఇళ్లకు చేరారు. ఇక ఒక్కరు కూడా వీధిలో లేరని ఆ ప్రకటనకు అర్థం కాదు. కొత్తగా వీధిన పడినవారికి త్వరగా ఇల్లు చూపగల యంత్రాంగం తయారైందనే అర్థం. ఈ తేడాను పత్రికలవారికి వివరించలేక మేము అలసిపోయాం.

ఎవరి పుస్తకాన్ని వారు వదులుకోవడం

2014లో కోఆర్డినేటెడ్ యాక్సెస్ మొదలైంది. పేరు పెద్దదే కానీ విషయం చిన్నది. మనిషి షెల్టరుకు వచ్చినా, ఆసుపత్రిలో కనిపించినా, వంతెన కింద మాకు దొరికినా అడిగే ప్రశ్నలు ఒకటే, వివరాలు చేరే కంప్యూటర్ వ్యవస్థ ఒకటే. అక్కడి నుంచి ఒకే వరస. ఎవరు ఎక్కువకాలంగా వీధిలో ఉన్నారో, ఎవరి ఆరోగ్యం ఎక్కువ దెబ్బతిందో వాళ్లు ముందు. ఏ సంస్థ దగ్గర ఇల్లు ఖాళీ అయినా ఆ వరసలోని తర్వాతి మనిషికే ఇవ్వాలి. నచ్చినవారిని ఎంచుకునే వీలు లేదు.

కాగితం మీద సులువుగానే ఉంది. మా కార్యాలయంలో మాత్రం ఆ వారం యుద్ధమే జరిగింది. మాకు రెండేళ్ల తాత్కాలిక వసతి గృహం ఒకటి ఉండేది. అందులో చేరాలంటే తొంభై రోజులు మత్తుకు దూరంగా ఉండాలి, తరగతులకు రావాలి, రాత్రి తొమ్మిదికల్లా లోపలికి చేరాలి. అక్కడి నుంచి బాగుపడి వెళ్లినవారి ఫొటోలు గోడ నిండా ఉండేవి. ఇకపై నిధులు శాశ్వత ఇళ్లకు వెళతాయని, తాత్కాలిక వసతికి తగ్గిపోతాయని తెలిసిన రోజు మా డైరెక్టరు ఆ గోడవైపు చూపించి, “మరి వీళ్లంతా అబద్ధమా?” అన్నారు. వాళ్లు అబద్ధం కాదు. గోడ మీదికి రానివారి లెక్క మా దగ్గర లేదు, అంతే. నియమం తప్పి బయటికి పంపినవారి సంఖ్యను ఎవరూ రాసిపెట్టలేదు. చివరకు ఆ ఇంటిని మూసేశాం. ఇద్దరు పాత ఉద్యోగులు వెళ్లిపోయారు. వాళ్లమీద నాకు ఇప్పటికీ గౌరవం తగ్గలేదు.

‘ముందు ఇల్లు’ అన్న పద్ధతి హ్యూస్టన్‌లో పుట్టింది కాదు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టారు. మత్తు మానితే ఇల్లు, మందులు వేసుకుంటే ఇల్లు అనే వరసను ఆయన తిరగేశారు. ముందు తాళంచెవి చేతిలో పెట్టండి, చికిత్స సంగతి ఆ తర్వాత మాట్లాడండి అన్నారు. హ్యూస్టన్ చేసిందల్లా ఒక సంస్థ పాటించే పద్ధతిని ఊరంతటి పద్ధతిగా మార్చడం. నిధులు కూడా ఆ వైపే నడిచాయి కాబట్టి మారింది. ఒప్పించడం వల్లనే మారిందంటే నేను నమ్మను.

పియర్స్ వంతెన కింద పెద్దాయన

డౌన్‌టౌన్ అంచున పియర్స్ ఎలివేటెడ్ అని ఇంటర్‌స్టేట్ 45 హైవే ఎత్తుగా వెళ్లే చోటు ఉంది. దాని కింద ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా ఉండేవాడు. అరవైకి దగ్గర వయసు, ఒకప్పుడు వెల్డరు, కాలికి మానని పుండు. మొదటిసారి ప్రశ్నపత్రం తీసుకుని వెళ్లినప్పుడు అన్నిటికీ లేదనే చెప్పాడు. జబ్బు లేదు, మత్తు లేదు, ఆసుపత్రికి వెళ్లలేదు. ఆ జవాబులతో జాబితాలో ఎక్కడో అడుగున పడ్డాడు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి “మీకు మతిస్థిమితం గురించి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా” అని అడిగితే ఎవరు అవునంటారు? జాబితా న్యాయంగానే ఉండవచ్చు. అందులోకి వెళ్లే జవాబులు మాత్రం నమ్మకం మీద ఆధారపడి ఉంటాయి. నాలుగు నెలలపాటు వారానికి రెండుసార్లు కాఫీతో వెళ్లాక మళ్లీ అవే ప్రశ్నలు అడిగాం. ఈసారి జవాబులు వేరు. పేరు పైకి వచ్చింది.

దీర్ఘకాల నిరాశ్రయుడని తేల్చడానికి హడ్ నిర్వచనం ఒకటుంది. వైకల్యం ఉండాలి. ఏడాదిపాటు ఎడతెరిపి లేకుండా వీధిలో ఉండాలి, లేదా మూడేళ్లలో నాలుగుసార్లుగా కలిపి పన్నెండు నెలలు ఉండాలి. దానికి సాక్ష్యం కావాలి. వంతెన కింద ఉన్నాడని రసీదు ఎవరిస్తారు? ఇక్కడే ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థ ఆదుకుంది. వీధుల్లో తిరిగి పలకరించే పాత ఔట్‌రీచ్ బృందాలు, షెల్టర్లు, మరో సంస్థ దుప్పటి ఇచ్చిన ఒక రాత్రి, అన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. మా ఒక్కరి నోటుపుస్తకంతో ఆ పన్నెండు నెలలు ఎప్పటికీ తేలేవి కావు.

ఆ తర్వాత కాగితాలు. జనన ధ్రువపత్రం కావాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆ కార్డు కావాలంటే జనన ధ్రువపత్రం చూపాలి. పెద్దాయన పుట్టింది పక్క రాష్ట్రం లూసియానాలో. ఉన్న కాగితాలన్నీ ఒక వానలో సంచితో సహా ముద్దయిపోయాయి. ధ్రువపత్రం తపాలాలో రావడానికి ఆరు వారాలు పట్టింది. అది మా కార్యాలయం చిరునామాకే వచ్చింది, ఎందుకంటే స్తంభానికి చిరునామా ఉండదు.

ఇల్లు దొరికాక తనిఖీ. వోచరు మీద ఇచ్చే ప్రతి ఇంటినీ ఒక అధికారి వచ్చి చూస్తారు. స్మోక్ డిటెక్టరులో బ్యాటరీ లేదు, స్నానాల గది కిటికీ గొళ్లెం పడలేదు. ఫెయిల్. బ్యాటరీ మూడు డాలర్లు, మళ్లీ తనిఖీకి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఆయన వంతెన కిందే ఉన్నాడు. ఆ తర్వాత నుంచి మా కారులో స్క్రూడ్రైవరు, బ్యాటరీలు, కిటికీ గొళ్లేలు పెట్టుకుని తిరుగుతున్నాం. తనిఖీకి ముందురోజు మేమే ఒకసారి చూసుకుంటాం. 720 రోజులు తర్వాతి ఏళ్లలో 32 రోజులకు తగ్గాయని నగరం చెప్పుకుంటుంది. తగ్గిన ఆ రోజుల్లో విధాన నిర్ణయాల వాటా ఎంతో, ఇలాంటి బ్యాటరీల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇంట్లోకి వెళ్లిన మూడో రోజు పెద్దాయన ఫోను చేశాడు. నిద్ర పట్టడం లేదట. మంచం బాగాలేదా అని అడిగాను. మంచం బాగానే ఉంది, చప్పుడే లేదు అన్నాడు. ఏళ్ల తరబడి తలమీదుగా లారీలు వెళుతుంటే పడుకున్న మనిషికి నిశ్శబ్దంలో మెలకువ వచ్చేస్తోంది. ఒక టేబుల్ ఫ్యాను కొనిచ్చాం. గాలి కోసం కాదు, రొద కోసం. ఏసీ నడుస్తున్నా ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

రెండో నెలలో అసలు చిక్కు వచ్చింది. వంతెన కింది స్నేహితులు ముగ్గురు వచ్చి ఉండిపోయారు. అద్దె ఒప్పందం ప్రకారం అది తప్పు. వాళ్లను గెంటేయమంటే ఆయన ఒప్పుకోలేదు. తిండి లేని రోజుల్లో పెట్టినవాళ్లని అన్నాడు. మా కేస్ మేనేజరు నెలన్నరపాటు దాదాపు రోజూ వెళ్లింది. ముగ్గురినీ జాబితాలో రాయించింది. ఎవరు ఎన్ని రాత్రులు ఉండవచ్చో పెద్దాయనే ఒక కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అతికించేలా చేసింది. ఇల్లిచ్చి వదిలేస్తే ‘ముందు ఇల్లు’ అక్కడే చచ్చిపోతుంది. ఇంటి వెనక కేస్ మేనేజరు రాకపోకలు ఉండాలి. ఒక్క కేస్ మేనేజరుకు పాతికమందిని అప్పగించిన చోట ఈ పని జరుగుతుందని ఎవరైనా చెబితే, పని చేసినవారు చెప్పిన మాట కాదని తెలిసిపోతుంది.

యజమానులు

హ్యూస్టన్‌లో జోనింగ్ చట్టం, అంటే ఏ చోట ఎలాంటి భవనం కట్టవచ్చో నిర్ణయించే చట్టం, లేదు. అపార్ట్‌మెంట్లు కట్టడం తేలిక, కాబట్టి తీరప్రాంతపు పెద్ద నగరాలతో పోలిస్తే అద్దెలు తక్కువ. మా అదృష్టంలో ఇది పెద్ద భాగం, దీన్ని దాచి హ్యూస్టన్ నమూనా అని ఊరేగడం సరికాదు. మరోవైపు, వోచరు ఉన్నవారిని తిరస్కరించకూడదని నగరాలు నియమం పెట్టడానికి వీల్లేకుండా టెక్సాస్ 2015లో చట్టం చేసింది. ఇల్లివ్వాలా వద్దా అన్నది పూర్తిగా యజమాని ఇష్టం. మా పనిలో సగం బతిమాలడమే.

నైరుతి హ్యూస్టన్‌లో ఒక యజమాని మొదటి సమావేశంలోనే చెప్పాడు. “దయ గురించి నాతో మాట్లాడకండి. ప్రతి నెలా ఒకటో తేదీకి డబ్బు పడుతుందా? రాత్రి రెండింటికి గొడవ జరిగితే మీలో ఎవరు ఫోను ఎత్తుతారు?” నాకు అంతకంటే మంచి ప్రశ్నలు ఇంతవరకు ఎదురుకాలేదు. వైకల్యం పింఛను మాత్రమే ఉన్న ఒంటరి మనిషికి 2024లో నెలకు 943 డాలర్లు వచ్చేవి. అందులో సుమారు 30 శాతం అద్దె కింద కడతాడు, అంటే దాదాపు 280 డాలర్లు. మిగతాది వోచరు కడుతుంది. ఒకటో తేదీ ప్రశ్నకు అదే జవాబు. రెండో ప్రశ్నకు నా సొంత నంబరు ఇచ్చాను. ఆయన రాత్రి రెండింటికి మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ ఎత్తాను. ఆ తర్వాత ఆరు ఇళ్లిచ్చాడు.

వరద, మహమ్మారి

2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చింది. జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటరులో ఒక దశలో పదివేల మంది తలదాచుకున్నారు. మాకు దొరకవలసిన చవక ఇళ్లు నీట మునిగాయి, మునగని ఇళ్ల కోసం మధ్యతరగతివారు కూడా పోటీకి వచ్చారు. మరుసటి జనవరి గణనలో సంఖ్య పెరిగింది. కొత్తగా వచ్చినవారిలో చాలామంది వరదకు ముందు అద్దె ఇంట్లో ఉన్నవారే, పొదుపు లేనివారు. కూటమి చెదిరిపోలేదు. వరద బాధితులకు కూడా అదే వ్యవస్థ, అదే వరస వాడాం.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు నగరం, కౌంటీ కలిసి 6.5 కోట్ల డాలర్ల గృహవసతి కార్యక్రమం పెట్టాయి. డబ్బు వచ్చిన వారానికే ఖర్చు పెట్టగల స్థితిలో ఉన్నాం, ఎందుకంటే ఎవరికి ఇవ్వాలో అప్పటికే వరసలో ఉంది. ఆ రోజుల్లోనే గుడారాల వాడలను తీసేసే పద్ధతి కూడా స్థిరపడింది. ముందు ఆ వాడలో ఉన్న ప్రతి మనిషి పేరూ రాస్తాం, వారాలపాటు వెళ్లి ఇళ్లు చూపిస్తాం, అందరూ వెళ్లాకే ఆ చోటు మూస్తారు. 2023 మొదట్లో ఫిఫ్త్ వార్డు అనే పేటలో నావిగేషన్ సెంటర్ అనే తాత్కాలిక బస తెరిచారు. వాడ ఖాళీ అయ్యే రోజుకూ ఇల్లు సిద్ధమయ్యే రోజుకూ మధ్య ఉండే ఖాళీకి అది సరిపోతుంది.

లెక్క ఎక్కడ ఆగింది

2012 నుంచి పదేళ్లలో పాతికవేల మందికి పైగా ఇళ్లకు చేరారు. వారిలో అత్యధికులు రెండేళ్ల తర్వాత కూడా ఇళ్లలోనే ఉన్నారు. 8,500 దాకా ఉన్న సంఖ్య 2023లో 3,270కి దిగింది. 2024లో 3,280. అదే జనవరిలో దేశం మొత్తంమీద సంఖ్య 7,71,480కి చేరింది, అంతకుముందు ఎన్నడూ లేనంత.

అయితే ఆ రెండేళ్ల సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూడండి. కదలిక ఆగింది. మేము ఒక తలుపు నుంచి మనుషుల్ని ఇళ్లలోకి పంపుతుంటే, ఇంకో తలుపు నుంచి కొత్తవారు వీధిలోకి వస్తున్నారు. అద్దె కట్టలేక ఖాళీ చేసినవారు, జైలు నుంచి విడుదలై వెళ్లే చోటు లేనివారు, ఆసుపత్రి డిశ్చార్జి చేసి బస్సు టికెట్ చేతిలో పెట్టినవారు. ఆ రెండో తలుపు మా జాబితా చేతిలో లేదు. పైగా నగరం తన సొంత ఖజానా నుంచి పెట్టింది తక్కువ, ఎక్కువ భాగం కేంద్ర నిధులే. మహమ్మారి నాటి డబ్బు అయిపోయింది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో తీర్పిచ్చింది. షెల్టరులో చోటు లేకపోయినా బహిరంగ స్థలంలో పడుకున్నందుకు నగరాలు జరిమానా వేయవచ్చు అంది. ముప్ఫైరెండు రోజులు కూడా ఆగలేని వ్యాపారులకు అది దగ్గరదారిగా కనిపిస్తుంది. జరిమానా చీటీ చేతిలో పడిన మనిషి మరో వంతెన కిందికి వెళతాడు. అతన్ని వెతుక్కుంటూ వెళ్లి, ప్రశ్నపత్రం మళ్లీ మొదటి నుంచి నింపాల్సినవాళ్లం మేమే.

పెద్దాయన ఒప్పందం ఈ మధ్యే మళ్లీ పొడిగించాం. సంతకం పెట్టాక పక్క వాటా ఖాళీ అయిందని చెప్పాడు. ఒకప్పుడు ఆయన ఇంట్లో ఉండిపోయిన ముగ్గురిలో ఒకతను ఇంకా బయటే ఉన్నాడు. “యజమాని మీ మాట వింటాడు, నా స్నేహితుడికి ఇప్పించండి” అన్నాడు. వరసలో అతని కంటే ముందు చాలామంది ఉన్నారని చెప్పాను. ఇచ్చేది మీరే కదా అన్నాడు. నోటుపుస్తకం ఉన్న రోజుల్లో అయితే ఆ మధ్యాహ్నమే ఇచ్చేసేవాణ్ణి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, లూసియానా నుంచి ధ్రువపత్రం తెప్పించడానికి ఏ ఫారం కావాలని అడిగాడు. స్నేహితుడు కూడా అక్కడే పుట్టాడట. కారులోంచి ఫారం తెచ్చి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా మోచేత్తో అదిమిపెట్టి, పేరు దగ్గర నుంచి నింపడం మొదలుపెట్టాడు.